గాజుల చేతికి సిమ్ము గడియారం

ఆ ఫోను నేను స్పీకరులో పెట్టకపోతే ఈ సంగతి మా ఆలుమగల మధ్యే ఉండిపోయేది. పెట్టాను. బాన్సువాడ గ్రంథాలయంలో, పత్రికల బల్ల చుట్టూ కూర్చున్న నలుగురి ముందు, నా భార్య చేతికున్న గడియారం ఎంత లోపాల పుట్టో రుజువు చేయడానికే పెట్టాను. మొదటి నుంచి చెబితే తప్ప అందులో నా తప్పు ఎంతో తెలియదు.

నాది మోటారు వైండింగ్ దుకాణం. పొలాల్లో కాలిపోయిన పంపు మోటార్లు తెచ్చి పడేస్తారు. పాత తీగ పీకి కొత్త తీగ చుట్టి ఇస్తాను. పదో తరగతి తప్పాక మళ్లీ బడి మెట్లు ఎక్కలేదు. నేర్చుకున్నదంతా గ్రంథాలయంలోనే. మోటార్ల గురించి ఏదైనా పుస్తకం దొరుకుతుందేమోనని మొదటిసారి వెళ్లాను. అక్కడి నుంచి కరెంటు, కరెంటు నుంచి అయస్కాంతం, అయస్కాంతం నుంచి భూగోళం. అలా ఇరవై ఏళ్లుగా చదువుతూనే ఉన్నాను. ఇంగ్లీషు కూడా నిఘంటువు ఒళ్లో పెట్టుకునే పట్టుకున్నాను. సాయంత్రం నాలుగింటికి గ్రంథాలయం తలుపులు తీసే వేళకు దుకాణం షట్టరు సగానికి దించి అక్కడికి చేరతాను. బల్ల దగ్గర వాళ్లు నన్ను 'సైంటిస్టు' అంటారు. వెక్కిరింతగా మొదలుపెట్టిన పేరే. నేను మాత్రం దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

నా భార్య నాట్లకు పోతుంది. పదిహేను మంది ఆడవాళ్ల ముఠా, ఒక ఆటో మాట్లాడుకుని ఈ రోజు బీర్కూర్ వైపు, రేపు వర్ని వైపు, ఎక్కడ నాటు ఉంటే అక్కడికి వెళతారు. ముఠాకు పెద్ద, లంబాడీ తండా నుంచి వచ్చే ఒక అక్క. మా ఆవిడకు ఆరేళ్లుగా షుగర్. రెండేళ్ల నుంచి పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుని పోతుంది.

కిందటేడు నాట్లప్పుడు ఒకసారి ఒడ్డు మీద కూలబడింది. షుగర్ పడిపోయింది. చెమటలు, వణుకు, నోట మాట రాలేదు. ఫోను ఎక్కడుంది? అందరి ఫోన్లతో పాటు సద్దిసంచిలో, సంచి దూరాన గట్టు మీద. బురదలో దిగినవాళ్లు ఫోను ఎక్కడ పెట్టుకుంటారు? అదృష్టం బాగుండి ఆ రోజు పక్కనే మనుషులున్నారు. దవాఖానలో డాక్టరమ్మ నన్ను నిలబెట్టి చెప్పింది: చక్కెర కొంగున కట్టుకోవాలి, పిలవడానికి ఏదో ఒకటి ఒంటి మీదే ఉండాలి, సంచిలో కాదు.

ఈ ఏడు రోహిణి కార్తె ఎండల్లో మా బామ్మర్ది వచ్చినప్పుడు ఆ మాట మళ్లీ లేచింది. అతను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. చేతికి సిమ్ము పనిచేసే గడియారం ఉంది.

"బావా, గిది తీస్కోరాదు అక్కకు? ఫోను ఇంట్ల మర్చిపోయినా దీంట్లకెళ్లే మాట్లాడొచ్చు. పక్కకున్న బటన్ గట్టిగ ఒత్తి పట్టుకుంటే సీదా నీకే ఫోన్ వస్తది. నీళ్లల్ల తడిస్తే గూడ ఏం గాదు."

మా ఆవిడ ఆ గడియారాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. నేనన్నాను: "ఊకెనే కొంటే ఎట్ల? ముందుగాల చదవాలె."

చదివాను. నెలన్నర చదివాను. గ్రంథాలయంలోని పత్రికల్లో సాంకేతిక పేజీలు, అక్కడి కంప్యూటరులో ఇంగ్లీషు వ్యాసాలు, దుకాణంలో ఫోనులో వీడియోలు. ఒక నోటుపుస్తకం కొని మొదటి పేజీలో 'లోపాలు' అని రాసి కింద గీత గీశాను. ఒక్కరోజుకు మించి చార్జింగు నిలవదు. అద్దం ఉబ్బెత్తుగా పైకి ఉంటుంది, తగిలితే గీతలు పడతాయి. పట్టీ తెగితే బజారులో దొరికే పట్టీ పట్టదు. ఫోనులో ఏ కంపెనీ సిమ్ము ఉందో గడియారానికీ అదే కంపెనీ కావాలి, ఆ కంపెనీ సిగ్నలు పొలంలో అందాలి. తెలుగు అక్షరాలు కొన్నిటి వత్తులు విరిగి కనబడతాయి. ఇలా పదకొండు రాశాను. ఒక్కొక్కటీ రాసినప్పుడల్లా నాకు కలిగింది దిగులు కాదు, సంతోషం. ఇంత పెద్ద కంపెనీల వాళ్లకు తెలియనిది బాన్సువాడలో తీగ చుట్టుకునేవాడు కనిపెట్టాడని. ఆ పదకొండూ బల్ల దగ్గర ఒక్కొక్కటిగా విప్పి చెప్పేవాణ్ణి. మా మధ్య ఒక రిటైర్డు సారు ఉండేవారు. "అన్ని తప్పులుంటె ఇడిసిపెట్టరాదయ్యా, ఇంకేదన్న చూడు," అనేవారాయన. విడిచిపెడితే మర్నాడు ఏం మాట్లాడను?

వానలు పడ్డాయి. నారుమళ్లు పచ్చబడ్డాయి. మా ఆవిడ ఒక పొద్దున సద్ది కట్టుకుంటూ అంది:

"నాట్లు మొదలైనై. నీ చదువు అయిందా?"

"అయితున్నది."

"మళ్ల నాట్లయిపోయినంక అయితదా?"

ఆమె నాతో ఇంకేమీ వాదించలేదు. తమ్ముడికి తనే ఫోను చేసింది. అతను కొత్త గడియారం కొనుక్కున్నాడట. పాతదాన్ని ఆదివారం తెచ్చి, ఆమె నంబరే దానిలోనూ పనిచేసేలా కంపెనీ దుకాణంలో చేయించి, బటన్ ఒత్తితే నాకు ఫోను వచ్చేట్టు పెట్టి, అక్క చేతికి కట్టాడు. "ఎన్ని దినాలు కావాలంటె అన్ని దినాలు పెట్టి చూడు, అక్కా. నచ్చితె కొత్తది కొనుక్కోండ్రి. నచ్చకపోతే వాపస్ ఇయ్యి." కొత్తదంటే ఆమె ఈ సీజను నాట్ల కూలీ అంతా దానికే పోతుంది. అందుకే కొనాలా వద్దా అన్నది ఆ రోజుల్లోనే తేలాలి.

మొదటి రోజు పదకొండు గంటలకు నా ఫోను మోగింది. ఆమె నంబరు. ఎత్తితే నీళ్ల చప్పుడు, ఆడవాళ్ల మాటలు, ఎంత పిలిచినా జవాబు లేదు. చుడుతున్న మోటారు అలాగే వదిలేసి బండి మీద బీర్కూర్ దారి పట్టాను. పోయి చూస్తే ఆమె వరసలో వంగి నాటు వేస్తోంది. నన్ను చూసి నడుము ఎత్తింది.

"ఏందయ్యా, గిట్లొచ్చినవ్?"

"నువ్వు ఫోన్ చేసినవ్ గదా!"

"నేనెక్కడ చేసిన?"

తండా అక్క పకపకా నవ్వింది. "చెల్లె, మీ ఆయనకు నిన్ను ఇడిసి ఉండ బుద్ధయితలేదు. ఓ నారుకట్ట చేతికియ్యి, ఆయన గూడ దిగుతడు!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నేను గడియారాన్ని పరీక్షించాను. కారణం దొరికింది. నాటు వేసేవాళ్లు ఎడమచేతిలో నారుకట్ట పట్టుకుంటారు. మణికట్టు వెనక్కి వంగి ఉంటుంది, మోచేయి మోకాలి మీద ఆనుతుంది. ఆమె చేతికి డజను మట్టిగాజులు. అవన్నీ కిందికి జారి, ఆ వంగిన చోట గడియారం బటన్‌ను ఒత్తి పడుతున్నాయి. నా పదకొండు లోపాల్లో ఇది లేదు. నేను చదివిన ఏ వ్యాసంలోనూ లేదు. రాసినవాళ్లెవరూ డజను గాజులు వేసుకుని నాటు వేసినవాళ్లు కాదు మరి.

మూడో రోజు మళ్లీ మోగింది, మళ్లీ ఉరికాను, మళ్లీ నవ్వులు. ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను.

"ఆ చేతికి గాజులు తియ్యి. గడియారానికి అడ్డమైతున్నై."

"ఒక చేతికి గాజులుండి ఒక చెయ్యి ఒట్టిగ ఉంటె మంచిగుంటదా, నడి శ్రావణంల?" అంది. గాజులు పైకి తోసుకుంటూ, "గాజులు గడియారానికి అడ్డమంటున్నవ్. గడియారమే గాజులకు అడ్డమని అనవేంది?" అంది.

నేను నోటుపుస్తకం తీశాను. పన్నెండో లోపం రాసుకున్నాను.

ఐదో రోజు పొద్దున ఆమె నా పాత ఫుల్‌చేతుల చొక్కా జాకెట్టు మీద తొడుక్కుంది. ఎండకు, నారు ఆకు చేతులు కోయకుండా ఆడవాళ్లందరూ అలాగే తొడుక్కుంటారు. గుమ్మం దగ్గర నిలబడి నాకేదో చూపించింది. నేను ఇంగ్లీషు వ్యాసంలో ఒక పేరాను నోటుపుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. "ఇగ ఉత్తుత్తి ఫోన్లు రావు, చూసినవా?" అన్న మాట మాత్రం చెవిన పడింది. "ఊఁ" అన్నాను. తల ఎత్తలేదు. ఏం చేసిందో తర్వాత తెలిసింది. తండా అక్క సలహాతో గడియారాన్ని మోచేతి వైపు పైకి జరిపి, దాని మీదికి చొక్కా చేయి దించి, మణికట్టు దగ్గర గుండీ పెట్టి, గాజులు ఆ గుండీ బయట వేసుకుంది. గాజులు గాజుల చోటే, గడియారం గడియారం చోటే. ఒకదానికొకటి తగలవు. నేను నెలన్నర చదివి కనుక్కోలేనిదాన్ని ఇద్దరు ఆడవాళ్లు సద్ది తింటూ కనుక్కున్నారు.

ఆ రోజు సాయంత్రం నాలుగున్నరకు గ్రంథాలయంలో పన్నెండో లోపం గురించి చెబుతున్నాను. మణికట్టు ఎలా వంగుతుందో నా చేతితోనే చూపిస్తున్నాను. అప్పుడే ఫోను మోగింది. ఆమె నంబరు.

ఇంతకన్నా మంచి సమయానికి మోగదు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

"ఇగో, ఇప్పుడె వచ్చింది. మీ చెవులతోనె ఇనుండ్రి," అని స్పీకరు పెట్టి ఫోనును పత్రికల మీద ఉంచాను.

నీళ్లు కదిలిన చప్పుడు. ఏదో గీసుకుంటున్నట్టు. మళ్లీ నీళ్లు. తర్వాత సన్నగా ఒక మూలుగు లాంటిది.

బల్లకు అటువైపున్న సారు పత్రిక కిందికి దించారు. "ఏమయ్యా, ఎవరో ఆడమనిషి మూలిగినట్టు ఇనబడ్డది."

"కాదు సార్, అది నీళ్ల చప్పుడు," అన్నాను. "మైకు రంధ్రంలకు నీళ్లు పోతె గట్లనె ఇనిపిస్తది. చదివిన." ఒకాయన, "సైంటిస్టు చెప్పిండంటె ఇగ అప్పీలు లేదు," అన్నాడు. నలుగురూ నవ్వారు. అందరికన్నా ఎక్కువగా నేను నవ్వాను. ఫోను పెట్టేశాను.

నిమిషం తిరక్కముందే మళ్లీ మోగింది. ఎత్తకుండానే కట్ చేశాను. "చూసిండ్రా, ఒక్కసారితోని ఊకోదు," అన్నాను.

ఐదు గంటలు దాటాక వేరే నంబరు నుంచి ఫోను వచ్చింది. తండా అక్క. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

"అన్నా, చెల్లె కాలువ కాడ పడ్డది. ఆటోల ఏస్కొని దవాఖానకు తెస్తున్నం. నువ్వు గాడికే రా."

నారు సరిపోక ఆమె రెండు మళ్ల అవతల ఉన్న నారుమడికి ఒక్కతే పోయిందట. కట్టలు ఎత్తుకుని వస్తుంటే కళ్లు తిరిగి, పిల్లకాలువ అంచున కూర్చుండిపోయింది. కొంగున చక్కెర ఉంది. వణికే వేళ్లకు తడిసిన ముడి విప్పరాలేదు. ఎంతకీ రాలేదని అక్క వెతుక్కుంటూ పోయేసరికి సగం నీళ్లలో ఉందట. నోట్లో చక్కెర పోసి, ఒళ్లో తల పెట్టుకుని కూర్చుని, ఆటోను కేకేసిందట.

దవాఖానలో మంచం పక్కన నిలబడ్డాను. సీసాలోంచి గ్లూకోజు దిగుతోంది. ఆమె చొక్కా చేతుల నిండా బురద. ఎడమచేతి గుండీ ఊడదీసి ఉంది. గడియారం మోచేతి కింద అలాగే ఉంది. అప్పుడు గానీ నాకు పొద్దుటి మాట అర్థం కాలేదు.

"నువ్వేనా ఒత్తింది?" అన్నాను.

"నేనే. రెండుసార్లు." గొంతు నీరసంగా ఉంది, మాట మాత్రం స్పష్టంగానే ఉంది. "నోరు తిరగకపాయె. నువ్వు ఎత్తినవని మాత్రం తెలిసింది."

నేను గ్లూకోజు సీసా వైపు చూశాను.

"నీళ్ల చప్పుడన్నవ్. ఇన్న."

అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదు. గడియారంలోంచి మాట ఇటు వచ్చినట్టే ఇక్కడి మాట అటు పోతుంది. అది తెలియడానికి పుస్తకాలు అక్కర్లేదు, అది ఫోను. నా మాట, సారు మాట, బల్ల చుట్టూ లేచిన నవ్వు, అన్నీ కాలువ అంచున ఆమె చేతి మీద వినబడ్డాయి.

"అందరు నవ్విండ్రు గదా," అంది. అడిగినట్టు కాదు. నేను కాదంటానేమోనని చూసినట్టు.

కాదనలేకపోయాను. ఔననీ అనలేకపోయాను. తండా అక్క నా వైపు చూసి, బయటికి వెళ్లి వరండాలో కూర్చుంది.

ఆ తర్వాత వారం రోజులు గ్రంథాలయం వైపు పోలేదు. ఒక మధ్యాహ్నం సారే నా దుకాణానికి వచ్చారు. బల్ల మీద విప్పి ఉన్న మోటారు పక్కన చేయి ఆనించి నిలబడ్డారు.

"ఆ దినం ఫోన్ల… నాకు మనసున పట్టక వచ్చిన. మీ ఇంటామె మంచిగనే ఉన్నది గదా?"

"మంచిగనే ఉన్నది సార్. ఏం లేదు. ఉత్తగనె ఒత్తుకుపోయింది."

ఆయన తల ఊపి, "అయితె సరే. నాది చాదస్తం," అని వెళ్లిపోయారు. ఆ గదిలో మూలుగును మూలుగుగా విన్నది ఆయన ఒక్కరే. ఆయన చెవే తప్పని ఆయన చేతనే ఒప్పించి పంపాను. చేసిన తప్పును దవాఖానలో ఒకసారి, దుకాణంలో ఒకసారి దాచుకున్నాను. ఈ రెండోదానికి కంగారు అనే సాకు కూడా లేదు. ఈ రోజుకీ ఆయనకు నిజం చెప్పలేదు. ఇలా రాయడం చెప్పడమవుతుందేమోనని చూస్తున్నాను. కాదని తెలుసు.

ఇంట్లో గడియారం మాట నేను ఎత్తలేదు. బాగుందనడానికి నోరు రాదు, బాగాలేదనడానికి అసలే రాదు. నోటుపుస్తకాన్ని దుకాణంలో పాత తీగల డబ్బాలో కింద పెట్టేశాను. బామ్మర్దికి గడియారం వాపసు ఇచ్చే రోజు ఆమె తనే అంది:

"కొత్తది కొందాం. గిట్లాంటిదే. దానిల ఏం తప్పు లేదు."

ఇద్దరం కలిసే ఫోన్ల దుకాణానికి వెళ్లాం. ఇంత చదువులో నేను ఒక్కసారి కూడా ఆమెను ఆ దుకాణానికి తీసుకురాలేదు. దుకాణమతను మూడు రకాలు పరిచి నా వైపు తిరిగి, "అన్నా, గీ మోడల్ చూడుండ్రి, దీని స్క్రీను…" అని మొదలుపెట్టాడు. "ఆమెకు చూపియ్యి," అన్నాను. ఆమె ఒక్కొక్కటీ మోచేతి దాకా జరిపి, పైన కొంగు చుట్టి, చేయి వంచి చూసుకుంది. మందం తక్కువున్నదాన్ని ఎంచుకుని పక్కకు తీసింది. ఉబ్బెత్తు అద్దం గురించి నాకు తెలిసిందంతా నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

అంతా అమర్చాక అతను అడిగాడు. "బటన్ ఒత్తితె ఎవరికి ఫోన్ పోవాలె?"

నేను నా నంబరు చెప్పడానికి నోరు తెరిచాను.

"మా ఆటో నడిపే తమ్మునిది పెట్టు," అంది ఆమె. "మేం నాటు ఏస్తుంటె పొద్దంత గట్టు మీద ఆటోలనె పండుకుంటడు. ఎత్తుతడు."

అంకెలు ఒక్కొక్కటిగా చెప్పింది. అతను నా వైపు చూశాడు. నేను గాజు బల్ల కింద వరసగా పేర్చిన ఫోను కవర్ల వైపు చూశాను.

"రెండో నంబరు గూడ పెట్టొచ్చక్కా. మొదటాయన ఎత్తకపోతె దానికి పోతది."

"నాది పెట్టనా?" అని ఆమెను అడిగాను. ఆ గడియారం విషయంలో ఆమె ఇష్టాన్ని నేను అడగడం అదే మొదటిసారి.

"పెట్టుకో," అంది, గడియారం వైపే చూస్తూ.

సరిగా పనిచేస్తుందో లేదో చూద్దామని దుకాణమతను ఆమెనే ఒత్తమన్నాడు. ఆమె బొటనవేలితో బటన్ ఒత్తి పట్టుకుంది. నేను జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. రెండో రింగుకే గడియారంలోంచి ఆటో అతని గొంతు కంగారుగా వచ్చింది.

"అక్కా, ఏమైంది? ఎక్కడున్నవ్? వస్తున్న, చెప్పు!"

"ఏం కాలే తమ్మి, దుకాణంల ఉన్న. ఫోను పోతదా పోదా అని చూస్తున్నం," అంది ఆమె నవ్వుతూ.

అతను ఎత్తాడు కాబట్టి నా దాకా రాలేదు. నా జేబులో ఫోను మోగలేదు.